నోరు మెదపని డాక్టరు

తల తిప్పకు రాజ్యశ్రీ, తిప్పావంటే ఇన్నాళ్ళ కష్టం మట్టిపాలు, చేతిలో మిరపకాయ ఉంది కదా, దాన్నే చూడు, తొడిమ తియ్యి, కాయ ఇటు, తొడిమ అటు, మళ్ళీ ఇంకో కాయ, అంతే, ఇవాళ్టికి నీ డాక్టరీ ఇదే. ఎండీ అయ్యాక మళ్ళీ పరీక్ష రాసి, పిల్లల మానసిక వైద్యంలో డీఎం సీటు కొట్టి, బెంగుళూరులో రెండో ఏడు చదువుతూ, సెలవుకని వచ్చి, జగ్గయ్యపేటలో ఒక మిర్చి కొట్టు వెనక గదిలో చాప మీద బాసిపట్టు వేసుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. వేళ్ళు మండుతున్నాయి, ముక్కు మండుతోంది, పొరపాటున కన్ను నలుపుకున్నానంటే చచ్చానే, అయినా ఇంత ఆనందంగా నేనెప్పుడూ కూర్చోలేదు, ఎందుకంటే నాకు ఎడంపక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, యామిని మాట్లాడుతోంది. వాళ్ళ నాయనమ్మతోనే అనుకో, నాతో కాదు. అయినా నేను ఇక్కడే ఉండగా, నేను వింటున్నానని తెలిసి కూడా, గుసగుసగా కాకుండా మామూలుగా మాట్లాడుతోంది. ఇది తాలుకాయ నాయనమ్మా, రంగు పోయింది చూడు, మంచికాయల్లో కలపకు, తాతయ్య తిడతాడు అంటోంది. బాలామణిగారు సరేనమ్మా అని ఆ కాయ తీసి పక్కన పడేశారు. నేను కూడా నా ఒళ్ళో ఉన్న తాలుకాయ ఒకటి తీసి, చడీచప్పుడు లేకుండా అదే కుప్పలో పడేశాను. చూసిందా? చూసే ఉంటుంది. నేను మాత్రం చూడలేదు.

ఆ గొంతు కాస్త బొంగురుగా ఉంటుందని నేనస్సలు అనుకోలేదు. ఎందుకో సన్నగా, పిచ్చుకలా ఉంటుందని ఊహించుకున్నాను, ఆసుపత్రిలో నా ఎదురుగా పెదాలు బిగించి కూర్చున్న బక్కపిల్లకు అలాంటి గొంతే ఉండాలని నా అంతట నేనే నిర్ణయించేసుకున్నాను. ఇదేమో లావుపాటి గొంతు, కొట్లో హమాలీలను అదిలించే గొంతు, ఏడేళ్ళ పిల్లలో ఒక పెద్ద ఆసామి కూర్చుని ఉన్నాడు, నాకు నవ్వు తన్నుకొస్తోంది, నవ్వకూడదు, నవ్వితే నన్ను చూసి నవ్వుతున్నారు అనుకుంటుంది, తొడిమ తియ్యి, తొడిమ తియ్యి.

అసలు నేను నోరు మూసుకుని ఒక గంట కూర్చున్నానంటే నందిగామలో మా ఇంట్లో ఒక్కరూ నమ్మరు. మా అమ్మమ్మ పున్నమ్మ అనేది, ఈ పిల్ల పుట్టగానే ఏడవలేదే, ఆ నర్సుతో వాదన పెట్టుకుంది అని. నిద్రలో మాట్లాడేదాన్ని, అన్నం నోట్లో పెట్టుకుని మాట్లాడేదాన్ని, బళ్ళో బెంచీ మీద నిలబెడితే పక్క బెంచీ వాళ్ళతో మాట్లాడేదాన్ని. డాక్టరీలో కూడా నా నోరే నన్ను గట్టెక్కించింది, వైవా అంటే అందరికీ వణుకు, నాకు పండగ. పిల్లల సైకియాట్రీకి వెళ్తున్నానంటే మా నాన్న భవానీప్రసాద్‌గారు రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. మొన్న మా బాబాయి కూతురి నిశ్చితార్థంలో, మా అమ్మాయి పిల్లల డాక్టరండి అని ఊరుకుని, ఆ వెనక ముక్క మింగేసి, వెంటనే పత్తి రేటు ఎత్తుకున్నాడు, దాంతో సాయంత్రం దాకా నా దగ్గరికి జలుబులూ విరేచనాలూ వరసకట్టాయి. ఎవరో పెద్దావిడ మాత్రం నన్ను పక్కకు పిలిచి, పిల్లలకు మనోవ్యాధులేంటమ్మా, వాళ్ళకేం అప్పులా, అత్తపోరా అంది. నేను చెప్పాల్సింది చాలా ఉంది, చెప్పాను కూడా, ఆవిడ కాఫీ చల్లారిపోయేదాకా చెప్పాను.

అలాంటి దాన్ని పట్టుకుని ఫ్లోరెన్స్ మేడమ్ నేల మీద కూర్చోబెట్టింది. మాకు పాఠం చెప్పే పెద్ద ప్రొఫెసరావిడ, జుట్టు తెల్లగా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పిల్లలతోపాటు నేలమీదే ఉంటుంది. మొదటిరోజు నన్నూ, నాతో చేరిన మెర్లిన్‌నీ ఆటగదిలోకి తీసుకెళ్ళి, ఈ ఏడాదంతా మీరు నేర్చుకోవాల్సింది ప్రశ్న అడక్కుండా ఉండటం అంది. నేను లోలోపల నవ్వుకున్నాను. ప్రశ్న అడక్కుండా డాక్టరేంటి? తర్వాతి వారం నేనొక పిల్లాడితో గడిపిన గంటను వీడియో తీసి, మా ఇద్దరికీ వేసి చూపించింది. వాడు బొమ్మకారు పట్టుకున్నాడు, నేను అది ఏ కారు అని అడిగాను, జవాబు లేదు, రంగేంటి అన్నాను, మీ ఇంట్లో ఉందా అన్నాను, ఎవరు నడుపుతారు అన్నాను, పాపం వాడు కారు తీసుకుని నెమ్మదిగా బల్ల కిందికి వెళ్ళిపోయాడు, నేను వంగి బల్ల కింద కూడా అడుగుతున్నాను. మెర్లిన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మేడమ్ మాత్రం నవ్వలేదు, వీడియో ఆపి నా వైపు తిరిగింది.

"ఆ మౌనం ఎవరికి కష్టంగా ఉంది రాజ్యశ్రీ? వాడికా, నీకా?"

ఎంబీబీఎస్ నుంచీ ఇన్నేళ్ళలో నన్నెవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. ఆ రోజు హాస్టల్లో నిద్రపట్టక కాదు, సంబరం పట్టలేక అటూ ఇటూ తిరిగాను, ఇంత పెద్ద విద్య ఒకటి ఉందని, అది మందుల పుస్తకంలో లేదని, నాలాంటి వాగుడుకాయకు అది దొరకడం కంటే అదృష్టం ఉంటుందా అని మెర్లిన్‌ను లేపి మరీ చెప్పాను. తను దుప్పటి ముసుగులోంచి, మౌనం గురించి పొద్దున మాట్లాడుకుందాం అంది.

నాయనమ్మా, దాహం అంది యామిని. బాలామణిగారు చెంబు అందించారు. గుటకల చప్పుడు. కొట్టువైపు నుంచి కాటా మీద బస్తా పడిన చప్పుడు, కోదాడ నుంచి వచ్చిన రైతు ఎవరో గింత తక్కువ చెప్తే ఎట్లా సేటూ అని బతిమాలుతున్నాడు, హమాలీలు బస్తా ఎత్తుతూ గట్టిగా ఊపిరి వదులుతున్నారు. మధ్యలో ఒక చెక్క తలుపు, సగం తీసి ఉంది. ఆ తలుపవతల ప్రపంచానికి యామిని మూగది. బడికి మూగది, గుడికి మూగది, పక్కింటి పిల్లలకు మూగది. ఇవతల మాత్రం గలగలా పారుతుంది. మా పుస్తకాల్లో దీనికి సెలెక్టివ్ మ్యూటిజం అని పేరుంది కానీ నాకు ఆ పేరు నచ్చదు, పిల్ల తనే ఎంచుకుని మౌనంగా ఉన్నట్టు ధ్వనిస్తుంది, ఎంచుకోవడం ఏమీ లేదు, కొత్తమనిషి కనపడగానే భయానికి గొంతు దగ్గర మాట ఆగిపోతుంది. అది మొండితనం కాదు, పొగరు కాదు, తెలివి లేకపోవడమూ కాదు. ఇవన్నీ బడివాళ్ళు అన్నవే. చివరికి వాళ్ళు తేల్చిందేమిటంటే, ఈ పిల్ల ఇక్కడ చదవలేదు, విజయవాడలో మూగపిల్లల బడి ఉంది, హాస్టలు కూడా ఉంది, జూన్‌లో అక్కడ చేర్చెయ్యండి అని. చక్కగా మాట్లాడే పిల్లను, చెవులు శుభ్రంగా వినపడే పిల్లను! విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పుడు తలుచుకున్నా మండుతోంది, తొడిమతోపాటు సగం కాయ ఊడొచ్చింది, నెమ్మది.

వాళ్ళమ్మ మనోజ్ఞ నిండు కడుపుతో అంతదూరం రైల్లో పిల్లను తీసుకొచ్చింది, మన నందిగామ అమ్మాయి అక్కడ చదువుతోందని ఎవరో చెప్పారట. నాలుగుసార్లు కూర్చున్నాం. యామిని నా బల్లమీది రంగుపెన్సిళ్ళ వైపు కూడా చూడలేదు. మేడమ్ అంది, పిల్ల మాట ఎక్కడుందో అక్కడికి మనం వెళ్ళాలి, మనం ఉన్నచోటికి రమ్మంటే ఎందుకొస్తుంది, నీకెలాగూ సెలవులున్నాయి కదా, వెళ్ళు అని. అందుకని వచ్చాను. మనోజ్ఞ రెడ్డిగూడెంలో పుట్టింటికి పురిటికి వెళ్ళింది, తండ్రి శ్రీకర్ లోడ్లు వేసుకుని గుంటూరు తిరుగుతుంటాడు, ఇంటి వ్యవహారమంతా తాత శ్రీమన్నారాయణగారిదే. తెల్లపంచె, భుజాన కండువా, మాటంటే మాట. హాస్టలుకు ఫోను చేసి సీటు కూడా మాట్లాడేసుకున్నాడు. నేను వచ్చిన మొదటిరోజు గల్లాపెట్టె దగ్గర నన్ను కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇప్పించి నిదానంగా చెప్పాడు.

"మీరు వెళ్ళేలోపు బయటివాళ్ళలో ఒక్కళ్ళతో ఒక్క మాట మాట్లాడించండమ్మా. అప్పుడు విజయవాడ మానేస్తా. లేదంటే బడివాళ్ళు చెప్పినట్టే చేస్తా, ఏమనుకోవద్దు."

ఆ బయటిదాన్ని నేనే. ఇవాళే ఆఖరిరోజు. అయిదింటి బస్సుకు నందిగామ చేరి, సంచి సర్దుకుని, విజయవాడలో రైలెక్కాలి.

మాట్లాడించడం ఉండదండీ, మాట్లాడనివ్వడమే ఉంటుంది అని ఆయనకు చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పలేదు, అప్పుడే నేను సగం పాసయ్యాను. పద్ధతి చాలా సులువు, చేసేవాళ్ళకే చచ్చేంత కష్టం. ముందు నేను పెరటి అరుగు మీద, తలుపు మూసి, లోపల పిల్లా నాయనమ్మా కబుర్లు. తర్వాత తలుపు ఓరగా. తర్వాత గడపలో, వీపు లోపలికి పెట్టి. ఆ తర్వాత గదిలో ఒక మూల, గోడకు మొహం పెట్టి, బళ్ళో శిక్ష పడినదానిలా. పిల్ల మాట ఆగిపోతే నేను వెనక్కి జరగడం, సాగితే ముందుకు జరగడం. మెచ్చుకోకూడదు, ఉలిక్కిపడకూడదు, అబ్బ అనకూడదు, మాట అనేది మామూలు విషయం అన్నట్టు ఉండాలి. అది ఈ ఇంట్లో సాధ్యమా? అమ్మకం అయితే పటికబెల్లం పంచుతారు, లోడు దిగితే కొబ్బరికాయ కొడతారు, ఈ ఇంట్లో మంచి జరిగితే మెదలకుండా ఊరుకోవడం ఎవరికీ చేతకాదు. మొదటివారంలో నేను అరుగు మీద ఉండగా యామిని లోపల పాట ఎత్తుకుంది. తాత విన్నాడు. అంతే, మిఠాయికొట్టు నుంచి లడ్డూల బుట్ట వచ్చింది, మా మనవరాలు డాక్టరమ్మ వినేట్టు పాడింది అని హమాలీలకు, బేరగాళ్ళకు, ఎదురుకొట్టు వాళ్ళకు పంచాడు, తిన్నవాళ్ళు తిన్నట్టే ఊరుకోక ఒక్కొక్కరే లోపలికొచ్చి ఏదమ్మా మాకూ ఒక పాట అన్నారు. పిల్ల నాయనమ్మ చీరలో దూరిపోయింది. మర్నాడు నాయనమ్మతో కూడా సైగలే. ఆయన పాపం ఎంత కుంగిపోయాడంటే, ఆ సాయంత్రం నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నాకే ఏడుపొచ్చింది, నేను మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి మొదట్నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడాయన ఈ గంటసేపూ తలుపు దగ్గరికి రాడు, ఎంత సంతోషం వచ్చినా గల్లాపెట్టె వదలనని బాలామణిగారికి మాటిచ్చాడు.

ఆయన చేసిన మరో ఘనకార్యం తలుచుకుంటే నవ్వాలో మొత్తుకోవాలో తెలియదు. వెనకటి రోజుల్లో మిర్చి బేరాలు పైకి మాట్లాడేవాళ్ళు కాదట, ధర పదిమంది చెవిన పడకూడదు కదా, అమ్మేవాడూ కొనేవాడూ చెయ్యీ చెయ్యీ కలిపి, పైన కండువా కప్పి, లోపల వేళ్ళు నొక్కి బేరం కుదుర్చుకునేవాళ్ళట. వేలు పట్టుకుంటే ఒక లెక్క, అరచెయ్యి పట్టుకుంటే ఒక లెక్క. ఆ విద్య మనవరాలికి నేర్పాడు. నేర్పి, మురిసిపోయాడు. కొట్లోకి ఎవరొచ్చినా, ఏం కావాలో, వద్దో, యామిని కండువా కింద తాత చేతిలో నొక్కుతుంది, తాత పైకి చెబుతాడు. మా వంశంలో ఇంత గుట్టున్న పిల్ల పుట్టలేదమ్మా, నోరు జారదు, అసలైన వ్యాపారస్తురాలు అని నాతోనే అన్నాడు. ప్రేమతోనే పిల్లకు మాట అక్కర్లేకుండా చేసేశాడు. నాకూ ఆ కండువా పనికొచ్చింది, కాదనను. గోడవైపు తిరిగి కూర్చున్న రోజుల్లోనే ఒకసారి చెయ్యి వెనక్కి పెట్టి, మీద నా చున్నీ కప్పుకుని ఊరికే ఉన్నాను. చాలాసేపటికి చిన్న వెచ్చటి చెయ్యి ఒకటి చున్నీ కిందికి పాకుతూ వచ్చి నా చూపుడువేలు పట్టుకుంది. దేనికి బేరమో ఇద్దరికీ తెలియదు. నేను రెండువేళ్ళు నొక్కాను, తను కాదని చిటికెనవేలు నొక్కింది, నేను అరచెయ్యి ఇచ్చాను, తను విసురుగా తోసేసింది, దారుణంగా బేరమాడింది, నేను ఓడిపోయాను. ఆ సాయంత్రం నందిగామ బస్సులో కండక్టరుతో, పక్కసీటావిడతో, డ్రైవరుతో ఎవరు దొరికితే వాళ్ళతో మాట్లాడాను, గంటసేపు దాచుకున్న మాటలన్నీ ఎక్కడో ఒకచోట పోసుకోవాలి కదా. మేడమ్‌కు ఫోన్లో చెబితే ఆవిడ కూడా నవ్వింది, బాగుంది, కానీ అది తాతగారి భాష, అక్కడే ఇల్లు కట్టుకుని కూర్చోకండి ఇద్దరూ అంది.

అవును, కట్టుకోలేదు. ఇవాళ చాప దాకా వచ్చాం. ఎంత దూరం వచ్చాం యామినీ! నువ్వు ఇప్పుడు అంటున్నదంతా నేను వింటున్నాను, తమ్ముడు పుడితే పేరు నువ్వే పెడతావంట, అమ్మ ఫోన్లో ఒప్పుకుందంట, చెల్లెలు పుడితే మాత్రం అమ్మ ఇష్టమంట, నాయనమ్మ నవ్వుతోంది, నాకు ఈ గదంతా, ఈ ఘాటూ దుమ్మూ, చూరులోంచి పడుతున్న ఎండా అన్నీ ముద్దొస్తున్నాయి. ఇంకొక్క అడుగు. నాయనమ్మ వైపున్న ఆ మొహం ఇటు తిరిగి, ఒక్క మాట, ఏ మాటైనా సరే, జరగండి అన్నా చాలు, ఛీ అన్నా చాలు. వస్తుందనిపిస్తోంది. కాయ నాకు అందించబోతూ ఇప్పుడే ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరి నాకు తెలుసు, మాటకు ముందు తీసుకునే ఊపిరి అది, రా, రా. లేదు. వదిలేసింది. ఊపిరి ఊపిరిగానే పోయింది. కాయ నా ఒళ్ళో పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది.

పర్వాలేదు. మొహంలో ఏమీ కనపడనివ్వకు. ఎండ గోడెక్కింది, బస్సు వేళ కావస్తోంది. బాలామణిగారు నా వైపు చూశారు, ఆ చూపులో అయిపోయిందా అమ్మా అని ఉంది. మా అమ్మకిమ్మని కారం పొట్లం కడతానంటూ మోకాళ్ళమీద చెయ్యేసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళారు. నాయనమ్మ లేచిందంటే మాట కూడా లేచి వెళ్ళిపోతుంది, రోజూ అంతే. యామిని తలొంచుకుని కాయల్లోకి చూస్తోంది. ఇద్దరమే ఉన్నాం. గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. ఇప్పుడు కూడా అడక్కూడదు. నాతో ఒక్కమాట మాట్లాడు తల్లీ, లేకపోతే నిన్ను హాస్టల్లో పడేస్తారు అని కాళ్ళమీద పడాలనిపిస్తోంది, నిజంగా అనిపిస్తోంది, గొంతులో ఆ మాట కూర్చుని ఉంది, ఓహో, ఇదన్నమాట మాట గొంతులో ఆగడమంటే, ఇది రోజూ మోస్తున్నావా నువ్వు, ఇంతింత వేళ్ళ పిల్లవి. మింగేశాను. తాతగారితో ఇంకో మాట మాట్లాడి చూస్తాను, జూన్ దాకా గడువు అడుగుతాను, బతిమాలతాను, వాదిస్తాను, నోరుంది కదా నాకు, దాని పని అక్కడ. ఇక్కడ మాత్రం మామూలుగా లేవాలి, రోజూ వెళ్ళినట్టే వెళ్ళాలి. చేతులు దులుపుకున్నాను. సంచి భుజాన వేసుకున్నాను. గడప దాటి పెరటి మెట్టు మీద ఒక చెప్పులో కాలు పెట్టాను.

వెనక నుంచి తుమ్ము.

చిన్నది కాదు, గది అదిరేట్టు, కాయలు ఎగిరేట్టు తుమ్మింది. నేను కొయ్యబారిపోయాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలు బయటివాళ్ళ ముందు దగ్గుకూడా ఆపుకుంటారు, తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని మింగేస్తారు, తమ ఒంట్లోంచి ఏ చప్పుడూ రాకూడదనుకుంటారు, ఇన్నాళ్ళలో ఈ మిరపఘాటులో నేను తుమ్మాను, హమాలీలు తుమ్మారు, యామిని మాత్రం తుమ్మలేదు. ఇప్పుడు తుమ్మింది. నా ముందు. ఇది మేడమ్‌కు చెప్పాలి, మెర్లిన్‌కు చెప్పాలి, తుమ్మిందోయ్ అని బస్సెక్కి అందరికీ చెప్పాలి, అని లోపల గంతులేస్తూ పైకి మాత్రం ఏమీ విననట్టు రెండో చెప్పులో కాలు పెట్టబోయాను.

"ఆగండి."

నాయనమ్మ వంటింట్లో ఉంది. తాత కొట్లో ఉన్నాడు. పెరట్లో ఎవరూ లేరు. ఆగండి అన్నది బొంగురుగొంతు, అండీ పెట్టి అన్నది, ఇంట్లోవాళ్ళెవరినీ ఈ పిల్ల అండీ అనదు.

ఆగాను. తల తిప్పలేదు.

"ఒంటి తుమ్ము. వెళ్ళకూడదు. కూచోండి."

ఆ తర్వాత కాస్త విసుగ్గా, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు, "మంచినీళ్ళు తాగి వెళ్ళాలి" అంది.

ఎవరు తుమ్మినా లోడు లారీని కూడా ఆపేసే ఇల్లు ఇది. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లైను కట్టాల్సిన లారీ, ఒక్క తుమ్ముకు అరగంట ఈ వాకిట్లోనే నిలబడుతుంది, డ్రైవరు తిట్టుకుంటూ నీళ్ళు తాగుతాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. బయల్దేరే మనిషి వెనక తను తుమ్మింది, తన తుమ్ముకు నాకు దారిలో ఏమైనా అయితే? మాట్లాడాలంటే ఉండే భయం ఇంకా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు, దానికన్నా పెద్ద భయం ఇంకోటి వచ్చి దాన్ని పక్కకు నెట్టింది, నా కోసం పడ్డ భయం. నేను ఇన్నేళ్ళు చదివిన చదువులో ఈ మందు ఎక్కడా లేదు. ఏడుపొస్తోంది, నవ్వొస్తోంది, ఎగిరి గంతెయ్యాలనుంది, ఆ పిల్లను ఎత్తుకుని బజారంతా తిప్పాలనుంది, తాతలాగే లడ్డూల బుట్ట తెప్పించాలనుంది. ఏదీ చెయ్యలేదు. చెప్పులు విడిచాను, మామూలుగా, వర్షం వస్తే ఆగిపోయే మనిషిలాగా, లోపలికొచ్చి గడప పక్కన చతికిలపడ్డాను.

"సరే" అన్నాను. ఒక్క మాట. నా జన్మలో నేనన్న అతి చిన్న జవాబు అదే.

యామిని చెంబు తెచ్చింది. నా చేతికివ్వలేదు, ముందు పెట్టింది, పెట్టి ఎదురుగా నిలబడి తాగుతానో లేదోనని నా మొహం వైపే చూసింది. మొదటిసారి నేను కూడా చూశాను. ఎడమకన్ను కింద చిన్న పుట్టుమచ్చ ఉంది, ఆసుపత్రిలో తల వంచుకునే కూర్చుంది, ఇక్కడేమో నేను పక్కనుంచి, అందుకే ఇన్నాళ్ళూ నాకు కనపడనేలేదు. తాగాను. మొత్తం తాగండి అంది. మొత్తం తాగాను. ఇంకాసేపు కూచోవాలి అంది. ఎంతసేపు అని అడగబోయి నాలుక కరుచుకున్నాను, ప్రశ్న కదా. వంటింటి గుమ్మంలో బాలామణిగారు కారం పొట్లం గుండెలకు అదుముకుని నిలబడి ఉన్నారు, ఎప్పుడొచ్చారో, పెదాలు గట్టిగా బిగించి, నా కన్నా బాగా నేర్చుకున్నారు ఈ విద్య. యామిని చాప మీదికి వెళ్ళి, ఈసారి నా వైపుకే తిరిగి కూర్చుని మళ్ళీ కాయ అందుకుంది.

అప్పుడు కొట్లోంచి శ్రీమన్నారాయణగారి కేక, తలుపు దగ్గరికి రాకుండా, గల్లాపెట్టె దగ్గర నుంచే, డాక్టరమ్మా, బస్సు స్టాండులోకి వచ్చేసిందంట, మా వాణ్ణి బండి తియ్యమంటారా అని. గొంతులో ఉత్సాహం లేదు. ఏమీ జరగలేదనే అనుకున్నాడు, పంపించెయ్యడానికి సిద్ధపడ్డాడు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. బాలామణిగారూ తెరిచారు. మా ఇద్దరికన్నా ముందు, తలుపు వైపు మెడ సాచి, కోదాడ రైతుకు, హమాలీలకు, కాటా దగ్గరివాళ్ళకు, అవతలున్న లోకమంతటికీ వినపడేట్టు యామిని అరిచింది.

"ఇప్పుడే రారు తాతయ్యా. నేను తుమ్మా."

కొట్లో మాటలు ఆగిపోయాయి. కాటా గొలుసు ఒకటే ఊగుతున్న చప్పుడు. బాలామణిగారు కళ్ళు మూసుకున్నారు. నేను ఆ సగం తెరిచిన తలుపునే చూస్తున్నాను, రాకండి, దయచేసి రాకండి, ఏమీ అనకండి అని లోపల మొక్కుకుంటూ. ఆయన రాలేదు. గొంతు సవరించుకోవడం వినపడింది, ఒకసారి కాదు. తర్వాత మామూలుగా, రోజూ కొట్లో మాట్లాడే గొంతుతోనే, కాకపోతే ఒక్కొక్క మాటా ఆగి ఆగి, మనవరాలికి జవాబు చెప్పాడు.

"సరేనమ్మా. కూచోమను. తర్వాత బస్సుకు వెళ్తారులే."

ఆ వెంటనే రైతు వైపు తిరిగినట్టున్నాడు, ఊఁ, ఎంతన్నారు మీరు అన్నాడు. బేరం మళ్ళీ మొదలైంది. యామిని ఒక దోసెడు కాయలు నా ముందు పోసి, ఊరికే కూచోకండి, తియ్యండి అంది.